పడటం నేర్పనన్న పెద్దాయన

డ్యూటీ దిగి, ఘాజియాబాద్‌లో మా ఆస్పత్రి గేటు బయట రిక్షా మాట్లాడుకుంటుండగా ఫోను మోగింది. వసంత్ కుంజ్‌లో మేము ఒకప్పుడు ఉన్న బిల్డింగులోని రెండో అంతస్తు ఆంటీ చేసింది. ఆవిడ పంజాబీ మనిషి. ఎప్పుడు చేసినా ముందు నాకు నాలుగు చీవాట్లు పెట్టి ఆ తర్వాతే విషయానికొస్తుంది. ఆ రోజు చీవాట్లు లేవు. "బేటా, అంగ్రేజ్ అంకుల్ చలే గయే," అంది, ఇంగ్లీషు అంకుల్ పోయాడని. పొద్దున పాలవాడు ఎంతసేపు కొట్టినా తలుపు తీయలేదట. లోపల కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడట.

నాకు వెంటనే ఏడుపు రాలేదు. కాసేపు ఆగితే లేస్తాడేమో అనిపించింది. అందులో నా తప్పేమీ లేదు. నా కళ్ళముందే ఆయన ఎన్నోసార్లు చచ్చిపోయాడు. కత్తిపోటుకు చచ్చాడు, ఉరితాడుకు చచ్చాడు, పీక పిసికితే గుడ్లు తేలేసి మరీ చచ్చాడు. ప్రతిసారీ లేచి, ప్యాంటు దులుపుకుని, టీ ఉందా అని అడిగాడు. ఇన్నేళ్ళుగా నర్సు పని చేస్తున్నదాన్ని, చావంటే ఏమిటో నాకు బాగా తెలుసు. ఆయన విషయంలో ఆ తెలివి పనిచేయలేదు.

ఈ పత్రిక చదివే మీలో కొందరు ఆయన్ను చూసే ఉంటారు. మన తెలుగు చర్చి క్రిస్మస్ నాటకంలో హేరోదు వేషం వేసి, చంటిపిల్లలందర్నీ చంపమని తెలుగులో గర్జించిన తెల్లాయన ఆయనే. ఆ ఒక్క వాక్యం కోసం నెల రోజులు నా ప్రాణం తీశాడు. నాటకంలో ముందు వరస పిల్లలు నిజంగానే బావురుమన్నారు, పాస్టరుగారు తెర వేయించాల్సి వచ్చింది. మీరు చూసింది అంతవరకే. మిగతాది నేను చెప్పాలి, ఎందుకంటే నేను ఈ రోజు రెండు కళ్ళతో, రెండు చెవులతో, అన్ని పళ్ళతో బతికి ఉన్నానంటే అది ఆయన వల్లే.

ఆయన ఇంగ్లండు నటుడు. ఉత్తరాన ఏదో ఓడరేవు ఊళ్ళో మాంసం కొట్టువాడి కొడుకు. చదువు ఒంటబట్టక, ఊరూరా తిరిగే నాటకాల బృందంలో చేరాడు. అక్కడ తెర లాగేవాడు, మేకులు కొట్టేవాడు, మనిషి తక్కువైతే సైనికుడి వేషం కట్టేవాడు. తర్వాత లండన్ రంగస్థలం ఎక్కాడు, అక్కణ్ణించి సినిమాల్లోకీ టీవీలోకీ వెళ్ళాడు. ఎక్కడికెళ్ళినా పని ఒకటే: ఎవర్నో కొట్టడం, లేదంటే తన్నులు తిని చావడం. ఎడమ చెంప మీద పెదవి దాకా ఒక పొడుగాటి మచ్చ ఉండేది. ఆ మచ్చ చూసి ప్రేమ సీను ఒక్కటి కూడా ఎవరూ ఇవ్వలేదని, తన జీవితమంతా ఎవరో ఒకరి చేత ఛీ అనిపించుకోవడంతోనే గడిచిపోయిందని నవ్వుతూ చెప్పేవాడు.

ఇండియాకు ఒక సినిమా కోసం వచ్చాడు. రైతుల్ని కొరడాతో చావబాదే దొర వేషం. షూటింగు అయ్యాక మిగతావాళ్ళంతా విమానం ఎక్కారు, ఈయన ఎక్కలేదు. ఎందుకని అడిగితే ఒకరోజు మామిడిపళ్ళు అనేవాడు, ఒకరోజు లండన్ చలి అనేవాడు, మనసు బాగోలేని రోజున విడాకులు అనేవాడు. ఆపైన హిందీ సినిమాల్లో గానీ సీరియళ్ళలో గానీ కొరడా పట్టే దొర కావలసి వస్తే ఈయనకే కబురొచ్చేది. కరోల్ బాగ్ బజారులో కూరగాయలవాళ్ళు గుర్తుపట్టి, మా తాతను కొట్టింది నువ్వే కదా అని నిలదీసేవాళ్ళు. ఈయన చేతులు జోడించి బుద్ధిగా క్షమాపణ అడిగేవాడు. అప్పుడు సంచిలో ఇంత కొత్తిమీర కొసరు పడేది.

మేము ఆ బిల్డింగులోకి వెళ్ళేనాటికి వయసు మీదపడి ఆయనకు వేషాలు తగ్గిపోయాయి. కింది ఫ్లాటులో సాయంత్రాలు నాటకాల పిల్లలకు స్టేజీ మీద కొట్టుకోవడం నేర్పేవాడు. హాల్లో సామానంతా గోడకు నెట్టి పరుపులు పరిచేవాడు. చెంపదెబ్బలు, కేకలు, గుండెలు బాదుకోవడాలు, కర్రకత్తులు, దబ్బున పడటాలు. కొత్తలో బిల్డింగువాళ్ళు గొడవ చేశారు గానీ, ఒకసారి లోపలికి పిలిచి చూపించేసరికి వాళ్ళే మెట్ల మీద చేరి చూడటం మొదలుపెట్టారు. ఆఖరికి సాయంత్రం కేకలు వినబడకపోతే, అంకుల్‌కు ఒంట్లో బాగాలేదా అని కనుక్కునే దాకా వచ్చింది.

నేనూ కూరలు తరుక్కుంటూ ఆ మెట్ల మీద కూర్చున్నదాన్నే. చెంపదెబ్బలో కొట్టేవాడి చెయ్యి మొహం ముందునుంచి గాలిలోనే వెళ్ళిపోతుంది. తినేవాడు ఎవరికీ కనపడకుండా తన రెండు చేతులూ చరుచుకుంటాడు. చప్పుడు అక్కడిది. జుట్టు పట్టి ఈడ్చే సీనులో, ఈడ్చబడేవాడే అవతలి వాడి మణికట్టును రెండు చేతులతో తన తలకు అదిమి పట్టుకుని, తనే జరుగుతాడు. దెబ్బ తినేవాడి చేతిలోనే అంతా ఉండాలి, వాడు ఊ అంటేనే సీను, ఉహూ అంటే లేదు, అని పిల్లలకు నూరిపోసేవాడు. కళ్ళలోకి చూడకుండా ఎవరి మీదా చెయ్యి ఎత్తకూడదు. ఇంకో ఆచారం కూడా పెట్టాడు. పడేసినవాడే చెయ్యిచ్చి లేపాలి, ఠీక్ హో, బాగున్నావా అని అడగాలి. పడినవాడు లేచేదాకా సీను అయిపోయినట్టు కాదు. లేచాక అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు.

సరిగ్గా ఆయన నెత్తి మీద, మొదటి అంతస్తులో మేముండేవాళ్ళం. నేను, నాకు అప్పట్లో భర్తగా ఉన్న మనిషి, అయిదేళ్ళ పాప. ఇక్కడో మాట చెప్పేస్తాను. పాస్టరుగారిని పక్కన పెడితే, ఇందులో ఆయన అనే మాట ఒక్కరికే ఉంచుకున్నాను. ఆ భర్తను అతను అనే అంటాను, ఎవరేమనుకున్నా సరే.

అతనిదీ మా నరసాపురం వైపే. సంబంధం చర్చి పెద్దలే కుదిర్చారు. గుర్‌గావ్‌లో పెద్ద కంపెనీ, టై కట్టుకునే ఉద్యోగం, నలుగురిలో మెత్తగా మాట్లాడే మనిషి. ఇంట్లో మాత్రం నా డ్యూటీల మీద అనుమానం, డాక్టర్ల మీద అనుమానం, ఆఖరికి నేను నవ్విన నవ్వు మీద అనుమానం. అతని కోపానికి ఒక టైము ఉండేది. కింద క్లాసు మొదలయ్యేదాకా సోఫాలో పేపరు చదువుకునేవాడు. పరుపులు పరిచి, మొదటి కేక వినబడ్డాక లేచి తలుపు గడియ పెట్టేవాడు. జుట్టు పట్టుకుని తలను గోడకేసి కొట్టేవాడు. బెల్టు తీసేవాడు. ఒకసారి కుక్కరు మూతతో కొడితే చెవి వెనక చీలి, రక్తం జాకెట్టులోకి కారింది. నేను నోట్లో కొంగు కుక్కుకుంటే లాగేసి, "అరుచుకో, ఎంత కావాలంటే అంత అరుచుకో. కింద డ్రామా అనుకుంటారు," అనేవాడు.

అలాగే అనుకున్నారు. ఒక రోజు పొద్దున మెట్ల దగ్గర రెండో అంతస్తు ఆంటీ ఆపి, నిన్న సాయంత్రం క్లాసులో ఏ పిల్లో గానీ ఎంత బాగా అరిచిందో, తనకు రోమాలు నిక్కబొడుచుకున్నాయని చెప్పింది. ఆ అరిచింది నేను. అవునాంటీ, బాగా అరిచింది అని డ్యూటీకి వెళ్ళిపోయాను.

ఊళ్ళో అమ్మకు ఫోను చేస్తే సర్దుకుపొమ్మంది. ఇంకెవరికీ చెప్పలేదు. పాపకు అతను చెప్పిందేమిటంటే, మమ్మీ, నాన్న కూడా అంకుల్‌లాగే ప్రాక్టీసు చేస్తున్నారని. పసిది, నమ్మింది. ఒక సాయంత్రం అతను తోస్తే ఫ్రిజ్ మూలకు తగిలి పడి లేస్తున్నాను. పాప గుమ్మంలో నిలబడి, కింద నేర్చుకున్నట్టే, చిన్న చేతులతో చప్పట్లు కొట్టింది. అంతవరకూ తిన్న దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఆ చప్పట్లు ఒక ఎత్తు. ఆ రాత్రి మొదటిసారి చచ్చిపోదామనుకున్నాను.

బయటపెట్టింది కూడా పాపే. మరుసటి రోజు క్లాసు చూడటానికి కిందికి వెళ్ళింది. ఒకమ్మాయికి చెంపదెబ్బ పడింది, ఫట్‌మని మోగింది, ఆ అమ్మాయి కెవ్వుమంది. పాప ముందుకెళ్ళి, అంకుల్ ప్యాంటు పట్టుకుని లాగి, "ఐసే నహీ హోతా అంకుల్. పాపా మారే తో ఇత్నీ ఆవాజ్ నహీ ఆతీ," అందట. ఇలా కాదు, మా నాన్న కొడితే ఇంత చప్పుడు రాదు అని. ఆయన చేతిలో కర్రకత్తి కింద పెట్టేశాడట. పాపకు బిస్కెట్టు ఇచ్చి, క్లాసు అయిపోయిందని పిల్లల్ని పంపేశాడట. ఆ క్లాసులో ఉన్న అమ్మాయే తర్వాత నాకు చెప్పింది.

మర్నాడు అతను ఆఫీసుకు వెళ్ళగానే ఆయన పైకొచ్చాడు. నా చెంప చూశాడు, చెవి వెనక కుట్లు చూశాడు. కిందికి రమ్మని టీ పెట్టి ఇచ్చాడు. పోలీసుల దగ్గరికి తోడొస్తానన్నాడు. నేనే వద్దన్నాను. పిల్లను లాగేసుకుంటాడని భయం, ఊళ్ళో మాట పడుతుందని భయం. అప్పుడు నాకు తోచింది ఒక్కటే. మీ పిల్లలు మెట్ల మీంచి దొర్లినా ఒంటి మీద గీత పడదు కదా, నాకు పడటం నేర్పండి అని అడిగాను. తలకు తగలకుండా, చెయ్యి విరగకుండా పడటం వస్తే నా బతుకు నేను ఈడ్చుకుంటానన్నాను.

ఆయన మొహం జేవురించింది. సినిమాల్లో ఆయన కోపం చూశాను, అది వేరు. "నేర్పను," అన్నాడు. "నా దగ్గర పడేవాళ్ళు ముందు ఒప్పుకుని పడతారు. నువ్వు ఒప్పుకున్నావా అని ఎవరడిగారు? నువ్వు బాగా పడటం నేర్చుకుంటే, అతను ఇంకా బాగా కొట్టడం నేర్చుకుంటాడు."

నాకు ఒళ్ళు మండింది. చేతనైన సాయం చేయకుండా నీతులు చెబుతున్నాడనుకుని లేచి వెళ్ళబోయాను. కూర్చోమని, తన చెంప మీది మచ్చ ముట్టుకుని చూపించాడు. కుర్రతనంలో ఒక కత్తియుద్ధం సీను. ఎదుటివాడు తాగి వచ్చాడు, ఈయన మీద ఏదో పాత కక్ష. కళ్ళలోకి చూడకుండానే కత్తి వేటు వేశాడు. చెంప తెగి పళ్ళు బయటికి కనిపించాయి. ఈయన నేల మీద పొర్లుతూ నిజంగా కేకలు పెడుతుంటే, హాల్లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. అంత బాగా ఎవరూ చావలేదని. ఆ చప్పట్ల కింద తన కేక ఒక్కరికీ అందలేదని, ఇప్పుడు తన క్లాసు కింద నా కేక ఎవరికీ అందడం లేదని అన్నాడు. "ఏం చెయ్యాలో నువ్వు చెప్పాలి. నువ్వు ఊ అనేదాకా నేను పోలీసులకు చెప్పను. చప్పుడు మాత్రం నాది. దాన్ని నేను ఆపుతాను."

ఆ సాయంత్రం నుంచి క్లాసు ఎదురుగా ఉన్న పార్కులోకి మారింది. అవి వానాకాలపు రోజులు. పిల్లలు బురదలో పడి, బురదలో చచ్చి, తిట్టుకుంటూ లేచేవాళ్ళు. సగంమంది రావడం మానేశారు. ముసలాయనకు మతి పోయిందని బిల్డింగులో అనుకున్నారు. ఆయన ఎవరికీ కారణం చెప్పలేదు. సాయంత్రం అయ్యేసరికి బిల్డింగంతా నిశ్శబ్దంగా ఉండేది, ఎవరింట్లో గ్లాసు జారిపడినా అందరికీ వినబడేది.

అతనూ కొన్నాళ్ళు ఓపిక పట్టాడు. పళ్ళు నూరుతూ తిరిగేవాడు. ఒక సాయంత్రం ఆస్పత్రి నుంచి నాకు ఫోనొచ్చింది, మాట్లాడింది మగ గొంతు. అంతే, ఫోను లాక్కుని గోడకేసి కొట్టాడు, నా జుట్టు పట్టుకున్నాడు. ఆ క్షణంలో నాకు మెట్ల మీద చూసిన పాఠం గుర్తొచ్చింది. రెండు చేతులతో అతని మణికట్టు పట్టుకుని నా తలకు అదుముకున్నాను. నేనే తలుపు వైపు జరిగాను. అతను పిడికిలితో వీపు మీద గుద్దుతున్నాడు, మోకాలితో పొట్టలో పొడుస్తున్నాడు, నేను జరుగుతూనే ఉన్నాను. ఒక చెయ్యి వదిలి గడియ తీశాను. గొంతు చీరుకుపోయేలా అరిచాను. ఈసారి కావాలనే అరిచాను.

ఇద్దరం మెట్ల మీదికి వచ్చి పడ్డాం. తలుపులు తెరుచుకున్నాయి. రెండో అంతస్తు ఆంటీ గోధుమపిండి చేతులతో దిగి వచ్చి, నా నోట్లోంచి కారుతున్న రక్తం చూసి, "హాయ్ రబ్బా, యే నాటక్ నహీ హై," అంది, దేవుడా, ఇది నాటకం కాదని. పార్కు నుంచి అప్పుడే తిరిగొచ్చిన ఆయన, కింద నుంచి మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చాడు. నాకూ అతనికీ మధ్య నిలబడ్డాడు. "ముందు నా కళ్ళలోకి చూడు," అన్నాడు ఇంగ్లీషులో, క్లాసులో పిల్లలకు చెప్పినట్టే.

అతను చూడలేదు. చూడకుండానే గుద్దాడు. పాప చెప్పింది నిజమే, పెద్ద చప్పుడేమీ రాలేదు. తడిబట్ట నేల మీద పడినట్టు వినబడింది. జీవితమంతా పడటమే వృత్తిగా బతికిన మనిషి, నేర్చుకున్నదంతా మర్చిపోయి, బాత్రూములో కాలు జారిన మామూలు ముసలాయనలా మెట్ల మీంచి దొర్లాడు. మణికట్టు విరిగిన చప్పుడు నాకు తెలుసు, విన్నాను. ముక్కులోంచి రక్తం కారి తెల్లగడ్డం తడిసిపోయింది. అలా మెట్ల మలుపులో పడి ఉన్నవాడు, బాగున్న చెయ్యి పైకెత్తి అతని వైపు చాపాడు.

ఎవరూ కదల్లేదు. అక్కడున్న అందరికీ ఆ ఆచారం తెలుసు, ఎన్ని సాయంత్రాలు చూశారో. పడేసినవాడు చెయ్యి ఇస్తాడని అందరూ చూస్తున్నారు. అతను ఆ చేతిని చూశాడు, తలుపుల్లో నిలబడ్డ మొహాలన్నీ చూశాడు. ఆ చెయ్యి దాటుకుని కిందికి దిగి వెళ్ళిపోయాడు. నేను కూర్చునే జరిగి జరిగి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు చెప్పాను ఊ అని.

పోలీస్ స్టేషనుకు బిల్డింగంతా కదిలి వచ్చింది. మేము నాటకం అనుకున్నాం అని ఒకరి తర్వాత ఒకరు చెబుతుంటే ఇన్స్పెక్టరుకు మొదట అర్థం కాలేదు. ఆంటీ ఏడుస్తూనే ఉంది. ఇప్పటికీ నాకు ఫోను చేసి తిన్నావా, తలుపేసుకున్నావా, డాక్టరుకు చూపించుకున్నావా అని చీవాట్లు పెడుతుందంటే, అది ఆ సాయంత్రం తాలూకు బాధే. ఆస్పత్రిలో ఆయన చేతికి సిమెంటుకట్టు వేయిస్తూ, అలాంటివాడికి చెయ్యి ఎందుకు చాపారని అడిగాను. అలవాటు అన్నాడు. కట్టు వైపు చూసుకుంటూ, చాలా చెత్తగా పడ్డాను, మా పిల్లలకు చెప్పకు అన్నాడు.

అతనితో తెగిపోయింది. నేను పాపను తీసుకుని ఘాజియాబాద్ వచ్చేశాను. ఆదివారం చర్చి అయ్యాక వసంత్ కుంజ్ వెళ్ళడం మాకు అలవాటైంది. ఆయన మణికట్టు మళ్ళీ సరిగ్గా తిరగలేదు. కొరడా పట్టే వేషాలు పోయాయి, తాతయ్య వేషాలు ఒకటీ అరా వచ్చాయి. క్లాసు మళ్ళీ ఇంట్లోకి వచ్చింది గానీ, తలుపు బార్లా తెరిచిపెట్టి చెప్పేవాడు.

ఒక చలికాలం ఆదివారం ఎండలో కూర్చుని వేరుశెనగకాయలు ఒలుచుకుంటున్నాం. ఉన్నట్టుండి, కావాలంటే ఇప్పుడు నేర్పుతాను అన్నాడు. ఏమిటన్నాను. పడటం అన్నాడు. ఇప్పుడెందుకండీ, నన్ను పడేసేవాడు లేడు కదా అన్నాను. "అందుకే," అన్నాడు.

ఆ వయసులో, చున్నీ నడుముకు కట్టుకుని, పరుపు మీద పడటం నేర్చుకున్నాను. మోకాలు వంచడం, తుంటి మీదికి బరువు దించడం, గడ్డం గుండెకు ఆనించడం. పాప కర్రకత్తితో నన్ను పొడిచింది. నేను పడ్డాను. ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు. నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను, ఆపుకోలేకపోయాను. పాప చెయ్యిచ్చి లేపి, "ఠీక్ హో, మమ్మీ?" అని అడిగింది. ఆయన చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లతో, ఫ్రిజ్ పక్కన విన్న చప్పట్లు నాలోంచి పోయాయి. నా జీవితంలో ఇంతకంటే పెద్ద సాయం నాకు ఎవరూ చేయలేదు.

ఆఖరి ఆదివారం కూడా పాప ఆయన్ను పొడిచింది. పదకొండేళ్ళ పిల్ల, చెయ్యి బాగా సాగింది. ఆయన పరుపు మీద పడటం మానేసి చాలాకాలమైంది, కుర్చీలోనే గుండె పట్టుకుని వాలిపోయి, ఒక కన్ను తెరిచి చూశాడు. పాప చెయ్యిచ్చింది, ఆయన లేచి టీ అడిగాడు.

ఆయనకు దేవుడితో పెద్ద పరిచయం లేదు గానీ, హేరోదు వేషం వేసినవాడు మనవాడే అని పాస్టరుగారు సమాధుల తోటలో చోటు ఇప్పించారు. నాటకాల పిల్లలంతా వచ్చారు. ఆంటీ వచ్చింది. తాళ్ళతో పెట్టెను దించారు, ప్రార్థన అయింది. అందరం గుప్పిళ్ళలోకి మట్టి తీసుకున్నాం. పాప నా పక్కన లేదు. చూస్తే గోతి అంచున మోకాళ్ళ మీద కూర్చుని, వీలైనంత ముందుకు వంగి, కుడిచెయ్యి లోపలికి చాపి ఉంది. "అంకుల్, ఠీక్ హో?" అని అడిగింది. పాస్టరుగారు ఎత్తిన గుప్పిట దించేశారు. నాటకాల పిల్లలు తలలు వంచుకున్నారు. పాప చెయ్యి మాత్రం అలాగే, వేళ్ళు విప్పుకుని, చాలాసేపు ఆ గోతిలోకి చాపి ఉంది.